ఉప్పు మజ్జిగ తాగిన నిమ్మచెట్టు

తొంభైల మధ్యలో నేను దోహాలో, అల్ అజీజియాలో ఒక ఇంటికి తోటమాలిని. తోట అనగానే మీరు పెద్దగా ఊహించుకోవద్దు. ఆ పని అప్పట్లో నేనే చేసేశాను. ఇంటికి రాసిన మొదటి ఉత్తరంలో ఆ తోటను నాలుగెకరాలు చేశాను. రెండో ఉత్తరంలో అందులోకి నెమళ్ళను వదిలాను. మూడో ఉత్తరానికి నా కింద పన్నెండుమంది కూలీలు చేరారు. నిజానికి అక్కడున్నవి రెండు ఖర్జూరపు చెట్లు, గోడ మీదికి పాకిన ఒక కాగితంపూల తీగ, దుప్పటి పరిచినంత గడ్డి, గేటు పక్కన ఒక నిమ్మచెట్టు. నా కింద పనిచేసింది ఒక్క రబ్బరు పైపు. అదీ చెప్పిన మాట వినేది కాదు.

ఆ నిమ్మచెట్టు ఆ ఇంటి పెద్దాయన నాటింది. ఆయన బతికున్న రోజుల్లో ఒమాన్ నుంచి కారు వెనక సీట్లో మనిషిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి తెచ్చిన అంటుమొక్క. ఆయన పోయాక ఆయన భార్య రోజూ సాయంత్రం నమాజు అయ్యాక ఆ చెట్టు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చునేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు, చెట్టుతో తప్ప. అక్కడి ఇళ్ళలో పనివాళ్ళు ఇంటి ఆడవాళ్ళను మామా అనీ, మగవాళ్ళను బాబా అనీ పిలుస్తారు. కాబట్టి ఆమె మాకు పెద్ద మామా. ఆమె కొడుకు నాకంటే రెండేళ్ళు చిన్నవాడు, అయినా నాకు బాబా. పొట్టకూటి కోసం మనిషి ఎంత వయసు తగ్గించుకుంటాడో అప్పుడే తెలిసింది.

ఇక నేను చేసిన ఘోరం. మే నెలలో ఆ ఇంట్లో ఏదో విందు జరిగింది. విందు తర్వాత రెండు అట్టపెట్టెల లబన్ మిగిలిపోయింది. లబన్ అంటే అక్కడి మజ్జిగ, సీసాల్లో వస్తుంది. తేదీ దాటిందని వంటింటివాళ్ళు దాన్ని తూములో పోయబోతుంటే నా ప్రాణం విలవిల్లాడింది. మాది కడప జిల్లా. మా జేజి, అంటే మా నాయనమ్మ, కరివేపాకు చెట్టు మొదట్లో వారానికోసారి పుల్లమజ్జిగ పోసేది. ఆ చెట్టు ఎంత ఏపుగా పెరిగిందంటే మూడు ఊళ్ళ తాలింపులకు అదే ఆధారం. ఘాటుకు ఎర్రబస్సు మా వీధి మలుపులో తుమ్ముతూ ఆగేది. ఆ వైద్యం ఎడారిలో నిమ్మకు ఎందుకు పనికిరాదు అనుకున్నాను. సీసా తర్వాత సీసా మూత తీసి, రెండు పెట్టెలూ పాదిలో ఒంపేశాను.

రుచి చూడలేదా అని మీరు అడుగుతారు. చూశాను. ఒక సీసా పూర్తిగా తాగే చూశాను. ఉప్పగా, కమ్మగా ఉంది. ఆహా, అచ్చం మా ఇంటి మజ్జిగే అని కళ్ళు కూడా చెమర్చాయి. మజ్జిగ నాలుకకు ఉప్పగా తగిలితేనే కదా మనకు తృప్తి. కానీ మా జేజి చెట్టుకు పోసింది ఉప్పెయ్యని మజ్జిగ. గ్లాసులోదానికీ చెట్టుదానికీ ఆ ఒక్క తేడా ఉందన్నది నా బుర్రకు తట్టలేదు. అసలే సముద్రం పక్క నేల. నోట్లో వేసుకుంటే కూరలో ఉప్పు అక్కర్లేని మట్టి. దానికి తోడు నేను మిగిలిన సముద్రాన్ని సీసాల్లో పట్టి తెచ్చి పోశాను.

రెండు వారాల్లో ఆకుల అంచులు అగరుబత్తితో కాల్చినట్టు మాడాయి. జూన్‌లో దుమ్ముగాలి మొదలయ్యేసరికి ఒక్క ఆకు లేదు. గేటు పక్కన ఎండిన కట్టె నిలబడింది, నన్ను వేలెత్తి చూపిస్తున్నట్టు. ఎవరడిగినా ‘ఎండ’ అని చెప్పాను. ఖతర్‌లో ఎండ మీద ఏ నేరం వేసినా ఎవరూ అనుమానించరు.

జూలైలో బాబా పెళ్ళాంపిల్లలతో చల్లటి దేశానికి బయల్దేరాడు. పెట్టెలు కారులో పెట్టించి, చెట్టు దగ్గరికి వచ్చి, అద్దాలు పైకెత్తి చూశాడు. ఆ చోట రెండో కారుకు నీడ వేయించాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. తల్లికి భయపడి ఆగాడు.

“ఆగస్టు ఆఖరుకి వస్తాను,” అన్నాడు, హిందీ అరబ్బీ కలిపి. “అప్పటికి ఆకు కనిపిస్తే చెట్టు ఉంటుంది, నువ్వూ ఉంటావు. ఆకు మాఫీ అంటే చెట్టూ ఖలాస్, నువ్వూ ఖలాస్.” మాఫీ అంటే అక్కడ ‘లేదు’ అని.

ఖర్జూరాలకు తోటమాలి అక్కర్లేదు, వారానికోసారి ఎవరొచ్చి నీళ్ళు పెట్టినా చాలు. నేను ఆ ఇంట్లో ఉన్నది ఆ నిమ్మచెట్టు వల్ల, పెద్ద మామా దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలన్నది కాబట్టి. ఇక ఊళ్ళో నా కోసం ఎవరు ఎదురుచూస్తున్నారయ్యా అంటే, మా నాయన తవ్వించిన మూడు బోర్లు. మూడింట్లోంచీ పొగలాంటి దుమ్ము తప్ప చుక్క రాలేదు. నేను పంపే డ్రాఫ్టు అందిన వారమే మా ఇంట్లో కూరలో నూనె కనిపించేది. నేను వెనక్కి పోతే ఆ ఇంటికి ఇంకో నోరు చేరుతుంది, అంతే. పైగా నెమళ్ళున్న నాలుగెకరాల తోటలోంచి నన్ను ఎందుకు గెంటారో నా భార్యకు ఏమని చెప్పాలి?

పెద్ద మామా విమానమెక్కనని మొండికేసి ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెను వారం వారం అల్ సద్‌లో క్లినిక్‌కి తీసుకెళ్ళడానికి ఇంటి డ్రైవరు ఉన్నాడు. కోనసీమ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను సీమోడా అనేవాడు, ప్రేమ ఎక్కువైతే ఒరేయ్ అనేవాడు.

నేను ఖతర్ రాకముందు కోడూరు నర్సరీల్లో అంటు కట్టే పని చేశాను. ఎండినట్టున్న మొక్క బతికుందో లేదో చూడాలంటే అక్కడ బొటనవేలి గోటితో బెరడు మీద చిన్నగా గీరుతారు. కింద పచ్చగా కనిపిస్తే ప్రాణముంది, గోధుమరంగు కనిపిస్తే పోయింది. బాబా కారు మలుపు తిరగ్గానే నా తల ఎత్తున గీరాను. పచ్చ! ఆ రోజు నేను రెండు పళ్ళేల అన్నం తిన్నాను.

నాలుగు రోజుల తర్వాత అదే ఎత్తులో గీరితే గోధుమరంగు. గుండెల దగ్గర గీరాను, పచ్చ. ఇంకో వారానికి గుండెల దగ్గరా పోయింది. నడుం దగ్గర పచ్చ. చావు పైనుంచి మెట్లు దిగినట్టు దిగుతోంది. నేను దాని వెనకే గోరు పట్టుకుని దిగుతున్నాను. మొదట్లో నాలుగు రోజులకో, వారానికో గీరాను. తర్వాత రోజుకోసారి. జూలై ఆఖరుకి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, టీ తాగాక ఒకసారి. అన్నం సయించలేదు. నిద్రలో కూడా నా బొటనవేలు పరుపును గీరేదని అన్న చెప్పాడు. పరుపు లోపల దూది పచ్చగా ఉందో లేదో ఆయన చూడలేదు.

నేలకు జానెడు ఎత్తులో అంటు కట్టిన కణుపు ఉంది. దానికి పైన ఉన్నదే పెద్దాయన తెచ్చిన నిమ్మ. కిందది వేరు బలం కోసం వాడిన ముళ్ళ అడవి నిమ్మ. ఎండటం ఆ కణుపు దాటి దిగిందంటే, తర్వాత కింద నుంచి ఏది మొలిచినా అది ఆయన చెట్టు కాదు. ఆగస్టు మొదట్లో మోకాలి దగ్గర పచ్చ పోయింది. కణుపుకు ఇంకో జానెడు మిగిలింది.

ఆ రోజు అన్న నా మొహం చూసి, అల్ ముంతజా బజారు దాకా వెళ్ళొచ్చాడు. సంచీలోంచి ప్లాస్టిక్ ఆకుల తీగలు తీశాడు. ద్రాక్ష ఆకులు.

“ఇది నిమ్మచెట్టన్నా,” అన్నాను.

“ఆయ్, తెలుసురా. నిమ్మాకులు లేవన్నాడు షాపువాడు. బాబా విమానం దిగినోడు, నిద్దరమొహంతో ఉంటాడు. ఆకు కనిపించాలన్నాడు గానీ ఏ ఆకో చెప్పాడేంటి?”

“పెద్ద మామా చూస్తాది కదా.”

“ఆవిడికి శుక్లాలు. నన్ను చూసి రోజూ నీ పేరు పెట్టి పిలుస్తుంది. కట్టు, కట్టు, ముందు ఎలా ఉంటుందో చూద్దాం.”

మునిగేవాడికి ఏం బుద్ధి ఉంటుంది? కట్టాను. సన్న తీగతో కొమ్మ కొమ్మకూ చుట్టాను. రెండు గంటలకు ఖతర్ సూర్యుడు దాని మీద తన అభిప్రాయం చెప్పాడు. ఆకులు మెత్తబడి, సాగి, దోసెపిండిలా కొమ్మలకు అంటుకుని వేలాడాయి. విప్పుదామని నేను నిచ్చెన కోసం వెనక్కి వెళ్ళి వచ్చేసరికి, పెద్ద మామా ఆ రోజు వేళకంటే ముందే బయటికొచ్చి, చేతికర్ర పట్టుకుని చెట్టు కింద నిలబడి ఉంది. ఒక ఆకు పట్టుకుంది. వేళ్ళతో నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మూడో ఇంటివాళ్ళకు కూడా ఆ ప్లాస్టిక్ కంపు తెలుస్తోంది.

నావైపు తిరిగింది. తిట్టలేదు. ఆకు నా చేతిలో పెట్టి, “ఎందుకు?” అంది.

ఆ ఒక్క మాటకు నాలో ఉన్నదంతా తెగింది. రెండేళ్ళలో నేర్చుకున్న అరబ్బీ అంతా, దానికి నా హిందీ, రెండూ చాలని చోట కడప తెలుగు కలిపి చెప్పేశాను. లబన్ సంగతి చెప్పాను. జేజి సంగతి చెప్పాను. ఎర్రబస్సు తుమ్మిన సంగతి కూడా చెప్పాను, ఎందుకో. ఎండ చంపలేదు మామా, నేనే చంపాను అన్నాను. ఇప్పుడే పెట్టె సర్దుకోమంటుందని సిద్ధంగా నిలబడ్డాను.

ఆమె చెట్టువైపు తిరిగింది. “ఉప్పా?” అంది. “నాకూ అదే రోగం. డాక్టరు ఉప్పు మానమంటాడు, నీళ్ళు తాగమంటాడు.” తర్వాత పైనుంచి కిందికి వంగుతూ చేత్తో మాను తడిమింది. తల ఎత్తు నుంచి మోకాలి దాకా నా గోటి గీతలు ఆమె వేళ్ళకు తగిలాయి. నేను లెక్కపెట్టలేదు గానీ, జల్లెడ చూసి సిగ్గుపడేటన్ని ఉన్నాయి. “ఇవేంటి?”

బతికుందో లేదో చూస్తున్నానన్నాను.

ఆమె నల్ల అబాయా చెయ్యి పైకి లాగింది. మోచేతి మడతలో నల్లగా, నీలంగా మచ్చలు. “ప్రతి వారం క్లినిక్‌లో సూది గుచ్చి రక్తం తీసి చూస్తారు. బాగున్నావు అంటారు. మళ్ళీ వారం మళ్ళీ గుచ్చుతారు. గుచ్చిన చోట నాకు నొప్పి, వాళ్ళకు ధైర్యం.” కర్రతో నా బొటనవేలు చూపించింది. “ఖలాస్. ఇక ముట్టుకోకు. నీళ్ళు పొయ్యి. సుహైల్ వచ్చేదాకా సబర్.”

సబర్ అంటే ఓపిక పట్టమని. సుహైల్ ఒక చుక్క. ఆగస్టు ఆఖర్లో తెల్లవారుజామున తూర్పుకు దక్షిణంగా కనిపిస్తుంది. అది పొడిస్తే ఎండకాలం నడుం విరిగినట్టని అక్కడివాళ్ళ లెక్క. మనకు వసంతం ఉగాదికి వస్తే, ఖతర్‌లో తోటమాలికి వసంతం ఆ చుక్క వెంట వస్తుంది. సరే మామా, నీళ్ళు పోస్తాను అన్నాను గానీ, ఏ నీళ్ళు? పైపులో వచ్చే నీళ్ళలోనే సగం ఉప్పు. నేలలోని ఉప్పును కడిగి కిందికి దించాలంటే ఉప్పు లేని నీళ్ళు కావాలి, అదీ దండిగా.

ఆ సమాధానం నా నెత్తి మీద పడింది. అక్షరాలా పడింది. గోడవారన నిలబడి బొటనవేలి గోరు కొరుక్కుంటుంటే, పైన కిటికీ ఏసీ లోంచి ఒక చల్లటి చుక్క నడినెత్తిన టప్పుమంది. నాలుకతో చూశాను. కొంచెం కూడా ఉప్పు లేదు. ఆగస్టులో అక్కడ గాలి తడిబట్టలా ఒంటికి చుట్టుకుంటుంది. అద్దాలు తుడిస్తే చాలు, మళ్ళీ చెమటలు పడతాయి. ఆ ఉక్కను తిట్టని మనిషి ఉండడు. ఆ తడినే ఏసీలు లాగి, చుక్కలు చుక్కలుగా బయటికి వదులుతున్నాయి. ఎడారి నా కోసం వానను పెట్టెల్లో దాచి పెట్టింది.

ఆ ఇంటికి పదకొండు ఏసీలు. పదకొండింటి కిందా బక్కెట్లు, బేసిన్లు, అన్న కారు కడిగే డబ్బా, చివరికి నేను అన్నం వండుకునే గిన్నె కూడా పెట్టాను. అవి చాలక పక్క ఇంటి గోడ దగ్గరా, వాళ్ళ పనామెను బతిమాలి, రెండు డబ్బాలు పెట్టాను. రోజంతా బక్కెట్లు మార్చడమే పని. పాది లోతుగా తవ్వి పోశాను, పోసింది కిందికి దిగేదాకా ఆగి మళ్ళీ పోశాను. పెద్ద మామా లోపలి నుంచి ఒక పాత తెల్లబట్ట తెచ్చింది, పెద్దాయన తలకు చుట్టుకునే గుడ్డ. మాను మీది గాయాలకు ఎండ తగలకుండా కింద నుంచి పైదాకా చుట్టించింది. బాగానే ఉంది. కానీ నా వేలు ఆగలేదు. గుడ్డ మడత పక్కకు జరపడానికి అది తనంతట తనే పోయేది.

అన్న చూశాడు. కారులోంచి కరెంటువాళ్ళ నల్లటేపు తెచ్చి, నా బొటనవేలిని గోరు కనపడకుండా ఆరు చుట్లు చుట్టాడు.

“ఇది విప్పావంటే మిగతా తొమ్మిదీ చుట్టేస్తాను. అన్నం నేనే తినిపించాల్సొస్తుంది, చూసుకో.”

“లోపల చచ్చిపోయి ఉంటే అన్నా?”

“ఉంటే ఉంది. నువ్వు చూస్తే బతుకుతుందేంట్రా?”

ఆ మూడు వారాలు ఎలా గడిచాయో నేను ఎంత పెంచి చెప్పినా తక్కువే. గీరుతున్నన్నాళ్ళూ చెడ్డదైనా కబురు అందేది. ఇప్పుడు ఏ కబురూ లేదు. తెల్లగుడ్డ చుట్టుకుని ఒక కట్టె, దాని ముందు బక్కెట్టు పట్టుకుని ఒక కట్టె. పచ్చ కణుపు దాటి దిగిపోయిందనీ, నేను శవానికి స్నానం చేయిస్తున్నాననీ రోజుకు వందసార్లు అనుకునేవాణ్ణి. అయినా నూట ఒకటోసారి బక్కెట్టు ఎత్తేవాణ్ణి. దాన్ని ఆశ అంటారో, ఇంకేం చెయ్యాలో తెలియకపోవడం అంటారో, యాభై దాటిన ఇప్పటికీ నాకు తేలలేదు.

సుహైల్ పొడిచిందని పెద్ద మామా చెప్పిన నాలుగో రోజు బాబా దిగాడు. ఎండ మాత్రం చుక్క మాట వినలేదు, ఎప్పట్లాగే మాడుస్తోంది. ఆయన కారు దిగి, ఇంట్లోకి కూడా పోకుండా, నేరుగా చెట్టు దగ్గరికి వచ్చాడు. పైనుంచి కిందికి చూశాడు. పైన కొమ్మలు, నడుమ గుడ్డ, కింద తడి పాది.

“ఆకు ఏదీ?”

నేను నల్లటేపు చుట్టిన వేలు వెనక దాచుకున్నాను.

“యల్లా,” అన్నాడు అన్నతో, “రంపం తీసుకురా.”

అన్న ఆ ఇంట్లో మూడేళ్ళుగా రంపం ఎక్కడుందో తెలిసిన ఒకే మనిషి. ఆ రోజు మర్చిపోయాడు. గరాజు వైపు ఎంత మెల్లగా వెళ్ళాడంటే, నాకు తెలిసి ఇంకా దారిలోనే ఉన్నాడు.

పెద్ద మామా కర్ర టకటకమంటూ వచ్చింది. కొడుకును పలకరించలేదు. “గుడ్డ నాది, తీసుకోనీ,” అని పైనుంచి విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో చుట్టు విప్పుతుంటే గీతలు బయటపడుతున్నాయి, నా గోటి గీతలు, అన్నీ గోధుమరంగే. గుండె ఎత్తు. నడుం. మోకాలు. చూడలేక కళ్ళు మూసుకున్నాను. చివరి చుట్టు దగ్గర ఆమె చెయ్యి ఆగినట్టుంది. బట్ట చప్పుడు ఆగిపోయింది.

కళ్ళు తెరిచాను. గుడ్డకూ బెరడుకూ మధ్య నలిగి, వెలుతురు లేక తెల్లబోయి, మొలకెత్తిన పెసరగింజ తోకలాగా ఒక ఇగురు. నేను మోకాళ్ళ మీద పడ్డాను. మొక్కడానికి కాదు, కొలవడానికి. కణుపు మీద వేళ్ళు ఆనించాను. ఒకటి, రెండు. కణుపుకు రెండు వేళ్ళ పైన ఉంది. పెద్దాయన చెట్టే.

“ఇది ఆకు కాదు,” అన్నాడు బాబా.

“నువ్వు పుట్టినప్పుడు నువ్వూ మనిషిలా లేవు,” అంది తల్లి. “నేను రంపం అడిగానా?”

బాబా నవ్వు ఆపుకోలేక అద్దాలు సర్దుకున్నాడు. “చలికాలం దాకా,” అన్నాడు నాతో, లోపలికి పోతూ. “అప్పటికి నిజం ఆకు కావాలి.”

చలికాలం దాకా అంటే మూడు నెలల ప్రాణం. నాకూ, దానికీ. ఆ ఇగురుకు ఎండ తగలకుండా పెద్ద మామా తన కుర్చీనే అడ్డంగా పెట్టించి, తను మెట్ల మీద కూర్చుంది. నాకు దాన్ని ఒక్కసారి, ఒకే ఒక్కసారి గోటితో తాకాలనిపించింది. టేపు మీద ఇంకో రెండు చుట్లు వెయ్యమని అన్నను నేనే అడిగాను.

డిసెంబరులో దానికి ఏడాకులు. ఏడంటే ఏడు, ఇందులో ఒక్కటి కూడా నేను పెంచి చెప్పింది కాదు. బాబా కారు ఎండలోనే ఉండిపోయింది, నా పెట్టె అటక మీదే ఉండిపోయింది. ఆ వారం ఇంటికి రాసిన ఉత్తరంలో నెమళ్ళు లేవు, కూలీలు లేరు. సంతోషం పట్టలేక, చెట్టుకు ఏడాకులు వచ్చాయి అని మాత్రం రాశాను.

నెల తర్వాత నా భార్య జవాబు వచ్చింది. “నాలుగెకరాల్లో ఏడాకులేనా? ఆ పన్నెండుమందీ ఏం చేస్తాండారు?”